జెర్రిపోతు పురుడు

భాస్కరరామం చేసిన నేరమల్లా తెలుగు వచ్చి ఉండటమే.

మండపేటలో ఆయనకి శుభలేఖలు అచ్చువేసే షాపు ఉంది. ఏ పేరు ముందు ‘చిరంజీవి’ రాయాలో, ఏ పేరు ముందు ‘చి.ల.సౌ.’ రాయాలో, ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో ఊరంతా ఆయన్నే అడిగేది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎక్కడైనా తప్పు కనిపిస్తే నోరు కట్టుకుని ఉండలేడు ఆ మనిషి. హోటలు బోర్డు మీద ‘ఇడ్లి’ అని ఉంటే సుద్దముక్క తెప్పించుకుని, దీర్ఘం తగిలించి, అప్పుడు గానీ టిఫిను ముట్టడు. ఇలాంటివాళ్లు ఏదో ఒకనాడు ప్రభుత్వం చేతికి చిక్కక తప్పదు.

ఆయనకున్న రెండో పిచ్చి పాములు. మన దేశపు పాముని పట్టి పెంచడం నేరమని ఆయనకి తెలుసు. చట్టమంటే భయం కూడా. అందుకని దారి తప్పకుండా, తూర్పుదేశాల అడవుల్లో చెట్ల మీద తిరిగే ఒక రకం పాముల మీద మనసు పడ్డాడు. ఒళ్లంతా లేత అరిటాకు పచ్చ, తోక ఒక్కటే ఇటుకరంగు, చాచే నాలుక నీలం. విషం చుక్కయినా లేదు. ఎలుకని తిని, కొమ్మకి చుట్టుకుని పడుకోవడం తప్ప వాటికి వేరే వ్యాపకం లేదు. బెంగుళూరులో వాటిని పెంచే ఒకాయన దగ్గరికి రైలెక్కి వెళ్లి, కాగితాలన్నీ సక్రమంగా పుచ్చుకుని, ఒక జంటను తెచ్చుకున్నాడు. ఆడదానికి మరకతం, మగదానికి మాణిక్యం అని పేర్లు పెట్టాడు. ఇలాంటి పాముల్ని కొని తెచ్చుకునేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు గానీ, గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసినవాళ్లు చాలా అరుదు. ఆ పిల్లలు గుడ్డు చీల్చుకుని బయటికి రావడం కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. ఇంకే కోరికా లేదు పాపం.

భార్య సీతారత్నానికి ఈ సరదా నచ్చలేదని వేరే చెప్పాలా? “ఏవండీ, పెరుగ్గిన్నె పక్కన ఎలకలేంటండీ!” అని ఫ్రిజ్ ముందు ఒకసారి గొల్లుమంది. ఎలుకలకి వేరే చిన్న ఫ్రిజ్ వచ్చాక శాంతించింది. పాముల గదిలోకి మాత్రం ఎన్నడూ అడుగు పెట్టలేదు. గుమ్మం బయట నిలబడి “మీ వాళ్లు తిన్నారా?” అని అడిగేది. అంతే.

ఆ రోజుల్లోనే ఊళ్లోకి రెండు ఉత్సాహాలు ఒకేసారి దిగాయి. పరదేశపు ప్రాణి ఇంట్లో ఉంటే నమోదు చేయించుకోవాలన్నది ఒకటి. ఆఫీసులో కాగితమన్నది కదిలితే తెలుగులోనే కదలాలన్నది రెండోది. రెండూ కలిసి ఒకే ఆఫీసులో కాపురం పెట్టాయి. దాని పేరు ‘అన్యదేశీయ ప్రాణి వివర సేకరణ, నమోదు మరియు అభిరుచి క్రమబద్ధీకరణ కార్యాలయం’. బోర్డు గోడకి చాలక పక్కసందులోకి మలుపు తిరిగింది. ‘క్రమబద్ధీకరణ’ చదవాలంటే పొరుగువాళ్ల పెరట్లోకి వెళ్లాలి. ఆ ఆఫీసుకి ప్రత్యేకాధికారి పురుషోత్తం గారు. ఆయన కింద సీనియర్ అసిస్టెంటు గున్నేశ్వరరావు.

భాస్కరరామం పట్టుకెళ్లిన కాగితాల్లో పాము పేరు ఇంగ్లీషులో ఉంది. గున్నేశ్వరరావు దాన్ని మాటకి మాట తెలుగులోకి దింపేసి ‘ఎలుక పాము’ అని రాశాడు. అది చూసి భాస్కరరామం ఒళ్లు జలదరించింది.

“ఎలకపామేంటండీ బాబూ! ఎలక్కీ పాముకీ పుట్టినట్టు! ఈ జాతిని మనవాళ్లు జెర్రిపోతంటారండి.”

పురుషోత్తం గారి ముఖం విప్పారింది. “జెర్రిపోతు! ఆహా! ఎంతటి అచ్చతెనుగు పదము! ఇట్టివి మరుగున పడిపోవుచున్నవి. అటులనే నమోదు చేయవలసినది.”

జెర్రిపోతులు, రెండు. ముద్ర పడింది. దరఖాస్తుదారు సూచన మేరకు పేరు సవరించడమైనది అని ఒక వాక్యం రాసి, కింద భాస్కరరామం చేత సంతకం పెట్టించారు. సుద్దముక్క అవసరం లేకుండానే ఒక ఆఫీసుని దిద్దానన్న ఆనందంతో ఆయన ఆ పూట షాపు తెరవలేదు.

మాఘమాసంలో ఒక పొద్దున మరకతం గుడ్లు పెట్టింది. తెల్లగా, కోలగా, తోలులాంటి మెత్తని పెంకుతో ఉన్నాయి. పాము గుడ్డుని తిప్పకూడదు. తిప్పితే లోపలి ప్రాణం పోతుంది. అందుకని భాస్కరరామం ఒక్కొక్క గుడ్డు మీద పెన్సిలుతో చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేట్టు, ఒక డబ్బాలో తడిపి పిండిన కొబ్బరిపొట్టులో సర్దాడు. మన చలికాలపు మధ్యాహ్నమంత వెచ్చదనం చాలు వాటికి. అంతకి మించితే లోపలే ఉడికిపోతాయి. డబ్బాకి మూతపెట్టి, చేతులు కడుక్కుని, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

పుట్టుక ఏదైనా వెంటనే ఆఫీసుకి తెలియజేయాలని నిబంధన. పూతరేకుల పొట్లం పట్టుకుని పరుగెత్తాడు.

“సార్, మా ఇంట్లో జెర్రిపోతు గుడ్లు పెట్టిందండి!”

పురుషోత్తం గారు పూతరేకు నోటిదాకా తెచ్చి ఆగారు. “ఏమి పెట్టినది?”

“గుడ్లండి.”

“ఎవరు?”

“జెర్రిపోతండి.”

పూతరేకు తిరిగి పొట్లంలోకి వెళ్లింది. “భాస్కరరామం గారూ, దున్నపోతు అనగా నేమి?”

“గేదెల్లో మగదండి.”

“మేకపోతు?”

“మేకల్లో మగదండి.”

“మరి జెర్రిపోతు?”

ఇన్నేళ్లుగా ప్రాణంలా చూసుకున్న భాష తనని ఇలా వెనకనుంచి పొడుస్తుందని భాస్కరరామం అనుకోలేదు.

“అది... ఊరికే పేరండి. ఆడదాన్నైనా మగదాన్నైనా జెర్రిపోతనే అంటారండి.”

“ప్రభుత్వ దస్త్రములలో ‘ఊరికే’ అనునది లేదు. పదము తమది. సంతకము తమది. రెండు పోతులను నమోదు చేయించి, ఇప్పుడు గుడ్లు చూపుట ఏమి సబబు?”

“ఒకటి ఆడదేనండి! తోక మొదలు చూస్తే తెలిసిపోద్దండి. కావాలంటే ఇక్కడికే తెచ్చి, పరీక్ష చేసి చూపిస్తానండి.”

గున్నేశ్వరరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పురుషోత్తం గారు రెండు చెవులూ మూసుకున్నారు.

“లింగనిర్ధారణ పరీక్ష! ప్రభుత్వ కార్యాలయములో! అది ఎంతటి నేరమో ప్రతి ఆసుపత్రి గోడ మీదను రాసియున్నది. ఈ మాట నేను వినలేదు. గున్నేశ్వరరావ్, నువ్వును వినలేదు.”

“ఆయ్, నేనసలు ఈయాల ఆఫీసుకే రాలేదండి.”

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. గుడ్లకి తండ్రులు కావాల్సినంతమంది ఉన్నారు, తల్లి ఎవరు? దానికి ఆ రోజు ఆఫీసుకి రాని గున్నేశ్వరరావే జవాబు చెప్పాడు.

“జెర్రిపోతు జతకట్టేది తాచుపాంతోనే కదండీ. మా అమ్మమ్మ చెప్పేదండి. ఈ జిల్లాలో ఎవర్నడిగినా అదే చెప్తారండి.”

“లోకప్రసిద్ధము,” అన్నారు పురుషోత్తం గారు. “రాయి.”

“అయ్యో, అది వట్టిమాటండీ!” అని భాస్కరరామం లబోదిబోమన్నాడు. “తాచు వీటితో కాపరం చెయ్యదండి, వీటిని తినేస్తదండి!”

“దాంపత్యమన్నాక అభిప్రాయభేదములు సహజము.”

ఆ సాయంత్రమే నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఇంట్లో తాచుపామును ఉంచుకుని, దాని ఉనికిని దాచినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. తల్లిని హాజరుపరచాలి. పరచని పక్షంలో గుడ్లను అనాథలుగా పరిగణించి, కోడిపిల్లల పొదుగుడు కేంద్రానికి తరలిస్తారు. భాస్కరరామం ఆ చివరి వాక్యం దగ్గర కూలబడ్డాడు. కోడిగుడ్ల యంత్రంలో ఉండే వేడికి ఆ గుడ్లు ఒక్క పూట నిలవవు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక కాగితాన్ని అక్షరదోషాలు వెతక్కుండా చదివాడు.

మర్నాడు సోదాకి దిగారు. గున్నేశ్వరరావు నెత్తిన హెల్మెట్టు, చేతులకి ఊలు తొడుగులు. పురుషోత్తం గారు వీధి అరుగు మీదే ఉండి పర్యవేక్షించారు. బియ్యం డబ్బా వెనక చూశారు, పాతపరుపు విప్పి చూశారు, అచ్చుకాని శుభలేఖల కట్టలన్నీ చిందరవందర చేశారు. తాచు ఎక్కడున్నా వాసనకి వస్తుందని నడవలో పాలగిన్నె పెట్టారు. పక్కింటి పిల్లి వచ్చి తాగిపోయింది. ‘పిల్లి వచ్చినది’ అని రాసుకున్నారు.

“తల్లి లేదు సార్,” అని గున్నేశ్వరరావు చెమటలు తుడుచుకున్నాడు.

“అయిన యెడల గుడ్లు అనాథలు. డబ్బా తీసుకురా.”

భాస్కరరామం పాముల గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. గున్నేశ్వరరావు దగ్గరికి వస్తుంటే రెండు చేతులూ తలుపుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

అప్పటిదాకా వంటింట్లో పెసరట్లు వేసుకుంటున్న సీతారత్నం అట్లకాడతో బయటికి వచ్చింది.

“తల్లి లేదని ఎవరన్నారండీ? పుట్టింటికెళ్లింది.”

అందరూ ఆమె వైపు తిరిగారు. భాస్కరరామం కూడా తిరిగాడు.

“ఏమన్నారమ్మా?” అన్నారు పురుషోత్తం గారు.

“పురుడయ్యాక పుట్టింటికి పంపకుండా ఉంటారాండీ ఎవరైనా? తొలి కాన్పు. నెలలు నిండకుండా ఇక్కడే నెప్పులొచ్చేశాయి. గుడ్లు పెట్టేసింది. పచ్చి బాలింత కదా, పథ్యం అదీ అత్తారింట్లో ఏం జరుగుద్దని వాళ్లవాళ్ల దగ్గరికి పంపేశాం. పాముకి పుట్టిల్లంటే పుట్టేగాండీ!”

పురుషోత్తం గారి పెదవులు మెల్లగా కదిలాయి. “పుట్ట... ఇల్లు... పుట్టిల్లు!” ఆయనకి కళ్లు చెమర్చాయి. భాష తన విశ్వరూపం చూపిస్తుంటే చూస్తున్న మనిషిలా చేతులు జోడించారు. “రాయి గున్నేశ్వరరావ్. తల్లి ఆచూకీ లభ్యమైనది. ప్రసవానంతర విశ్రాంతికై పుట్టినింట కలదు. గుడ్లు తండ్రి సంరక్షణలో ఉంచవచ్చును.”

భాస్కరరామం గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

“తిరిగి ఎప్పుడు వచ్చునమ్మా?” అని వెళ్తూ వెళ్తూ అడిగారు పురుషోత్తం గారు.

“మామూలేనండి. ఐదో నెల్లో.”

వాళ్లు వెళ్లాక భాస్కరరామం భార్య చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. “వదలండి, అట్టు మాడిపోతోంది,” అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

గుడ్లు డబ్బాలో నెలలకి నెలలు ఉన్నాయి. ఎండలు ముదిరినప్పుడు భాస్కరరామం డబ్బా చుట్టూ తడిగుడ్డలు చుట్టి, షాపుకి తాళం వేసి, కరెంటు పోయినప్పుడల్లా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. పెళ్లిళ్ల కాలం. శుభలేఖలకి వచ్చినవాళ్లు ఇంటికి వచ్చి తిట్టి వెళ్లారు. జ్యేష్ఠంలో ఒక ఉదయం మూత తీసేసరికి ఒక గుడ్డు మీద పెన్సిలు చుక్క పక్కనే సన్నగా చీలిక. ఆ చీలికలోంచి చిన్న ముక్కు, దాని వెనక రెండు కళ్లు. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తుండగా నీలం నాలుక ఒకటి బయటికి వచ్చి, లోకాన్ని కొంచెం రుచి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

“రత్నం! వచ్చేశాయే!” అని కేకేశాడు. ఆవిడ గుమ్మం బయటినుంచే మెడ చాచి చూసింది. “అబ్బ, పొట్లకాయ పిందెల్లా ఉన్నాయండీ,” అంది. ఆ మాటకే ఆయన మురిసిపోయాడు.

ఆఫీసు నుంచి ధ్రువపత్రం కూడా వచ్చింది. తండ్రి, జెర్రిపోతు. తల్లి, తాచు. సంతానం కూడా జెర్రిపోతులే గనక అందరూ మగపిల్లలు. ఇక రెండో జెర్రిపోతు సంగతి. ఒకే ఇంట ఉంటున్నాడు గనక అతడు తండ్రికి తమ్ముడనీ, పిల్లలకి పినతండ్రి వరుస అనీ నిర్ధారించారు. అంటే మరకతం బాబాయి అయింది. భాస్కరరామం చదివి, తప్పు దిద్దడానికి పెన్ను తీసి, మళ్లీ బుద్ధి తెచ్చుకుని జేబులో పెట్టుకున్నాడు.

కథ ఇక్కడితో ఆగేదే. కానీ ‘ఐదో నెల్లో’ అన్న మాటను గున్నేశ్వరరావు రాసుకున్నాడని ఎవరికీ గుర్తులేదు. ఆఫీసులకి మరుపు ఉండాల్సిన చోట ఉండదు.

ఆషాఢమాసంలో ఒక మధ్యాహ్నం వీధి చివర సన్నాయి వినిపించింది. భాస్కరరామం ఏదో పెళ్లివారనుకుని బయటికి వచ్చాడు. ముందు సన్నాయి, డోలు. వెనక పళ్లెంలో చీర, పసుపుకుంకాలు, చలిమిడి. ఆ వెనక పాములు పట్టే ఒకాయన నెత్తిమీద మూత బిగించిన బుట్ట. చివరగా గొడుగు కింద పురుషోత్తం గారు, ఆయన పక్కన దస్త్రంతో గున్నేశ్వరరావు.

“భాస్కరరామం గారూ, తమ కోడలిని దిగబెట్టవచ్చితిమి. తమవైపు నుండి ఎవరును వెళ్లనందున కార్యాలయమే పూనుకొనవలసి వచ్చినది. సారె కూడ సర్కారుదే.”

బుట్టలోంచి బుస్సుమని చప్పుడు వచ్చింది. డోలు ఆగింది. సన్నాయి ఆయన రెండిళ్లు అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

“ఏ పుట్టలోంచి తెచ్చారండీ దీన్ని?” అన్నాడు భాస్కరరామం.

“కార్యాలయమునకు దగ్గరలో ఉన్న పుట్ట. ఇప్పుడు దీనిని లోపల భర్త దగ్గర, పిల్లల దగ్గర విడిచిపెట్టి, మీ సంతకము తీసుకొని పోవుదుము. అంతటితో దస్త్రము ముగియును.”

భాస్కరరామం కళ్ల ముందు లోపలి గాజుపెట్టెలు మెదిలాయి. పొట్లకాయ పిందెల్లాంటి పిల్లలు. తాచు వాటిని ఒక్క పూటలో ముగిస్తుంది, దస్త్రం కంటే ముందే. “వద్దు సార్, వద్దండీ! మీకు దణ్ణం పెడతానండీ!” అన్నాడు.

“కోడలిని వద్దనుట గృహహింస క్రింద వచ్చును,” అన్నారు పురుషోత్తం గారు నొచ్చుకుంటూ. పాములాయన మెట్టు ఎక్కాడు.

“ఆగండి!” అంది సీతారత్నం.

చేతిలో పంచాంగంతో గడప మీద నిలబడి ఉందావిడ. ముఖంలో నవ్వు లేదు. పెళ్లివారికి కట్నకానుకల దగ్గర తేడా వచ్చినప్పుడు పెద్ద ముత్తయిదువ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

“ఏంటండీ బాబుగారూ, అంత చదువుకున్నారు, ఆషాఢమాసంలో కొత్త కోడల్ని అత్తారింటికి తెస్తారాండీ? జత కట్టి ఏడాది తిరగలేదు. అత్తాకోడళ్లు ఒక్క గడప దాటకూడదని తెలీదూ? మీ ఇంట్లో ఇలాగే చేస్తారా?”

పురుషోత్తం గారు గొడుగు మూశారు. ముఖం ఎర్రబడింది. గున్నేశ్వరరావు వైపు చూశారు.

“అమ్మగారు చెప్పింది నిజమేనండి,” అన్నాడు గున్నేశ్వరరావు. “మా అమ్మమ్మ కూడా అదే అనేదండి.”

“పొరపాటు జరిగినది. ఆషాఢము గడచిన పిమ్మట మరల వచ్చెదము.”

“మంచిరోజు చూసి చెప్తానండి. మీరు తొందరపడకండి.”

భాస్కరరామానికి ప్రాణం లేచొచ్చింది. కానీ బుట్టవైపు చూస్తే జాలేసింది. అదీ పామే కదా. “సార్, పాపం దాన్ని మళ్లీ ఆ పుట్టలోనే వదిలెయ్యండి సార్,” అన్నాడు.

“కాపురమునకు బయలుదేరిన ఆడపిల్లను పుట్టింటికి తిప్పి పంపుట విడాకుల క్రింద వచ్చును. అది మా శాఖ పరిధిలోనిది కాదు.”

ఆ సాయంత్రం తాచుని ఆఫీసులో రికార్డు గదిలో దింపారు. రెండు రోజులకి అది బుట్ట తోసుకుని బయటికి వచ్చింది. మూడో రోజున పురుషోత్తం గారి గది దాని వశమైంది. సిబ్బంది బల్లలు వరండాలోకి వచ్చాయి. వాన కురిసినప్పుడు పక్కవాళ్ల పెరట్లోకి, అంటే ‘క్రమబద్ధీకరణ’ కిందికి వెళ్తున్నారు. దరఖాస్తులు తీసుకుంటున్నారు గానీ ముద్రలన్నీ లోపల ఉండిపోయాయి. ఊళ్లో చిలుకలు, కుందేళ్లు పెంచేవాళ్లు హాయిగా ఉన్నారు.

శ్రావణం వచ్చింది. ఫోనూ వచ్చింది. “అమ్మా, మంచిరోజు...” అన్నారు పురుషోత్తం గారు గుసగుసగా. “మూఢం నడుస్తోందండి,” అంది సీతారత్నం. నాలుగు రోజులు పోయాక మళ్లీ చేశారు. ఈసారి ఆయన గొంతులో దీర్ఘాలు కూడా వణికాయి.

“అమ్మా, మీ కోడలు... నా బల్లసొరుగులో గుడ్లు పెట్టినది. రెండవ కాన్పు అత్తింటివారిదే బాధ్యత అని మా గున్నేశ్వరరావు అనుచున్నాడు.”

“అయ్యయ్యో! మళ్లీనా! మంచిది, మంచిది. పచ్చి బాలింతని కదపకండి బాబుగారూ, దోషం. వేడి తగలనీకండి. సొరుగు అటూ ఇటూ లాగకండి. పిల్లలు లేచొచ్చి, దాని దారిన అది వెళ్లేదాకా మీరే చూసుకోవాలి. ఇంకెవరున్నారు దానికి?”

ఫోను పెట్టేసి, సీతారత్నం చిన్న ఫ్రిజ్ తెరిచింది. వేడినీళ్లలో వేసి చల్లదనం తీసిన ఎలుకని పటకారుతో పట్టుకుని, తిన్నగా పాముల గదిలోకి నడిచింది. పిల్లల పెట్టెలు తుడుస్తున్న భాస్కరరామం గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. మరకతం పెట్టె తలుపు తీసింది.

“రావే తల్లీ. కన్నది నువ్వు, పేరు దానిది. కాగితంలో బాబాయివైపోయావు. ఏం చేస్తాం, మన ఆడాళ్లకిది కొత్తేం కాదు గానీ, తిను.”

మరకతం కొమ్మ మీదనుంచి నెమ్మదిగా జారి, నీలం నాలుక చాచి వాసన చూసి, ఆవిడ చేతిలోంచే అందుకుంది.